'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'కు ఎన్ని మార్కులు వేస్తారు? బేస్ వినపడనందుకు కోత పెట్టాలా?

ఎర్ర సిరా:

లెక్కల పాఠాలు చెప్పి, జవాబు పత్రాలు దిద్ది బతుకుతున్నవాణ్ణి. మార్కు తగ్గించిన ప్రతిచోటా పక్కన కారణం రాయడం మొదటి నుంచీ అలవాటు. కారణం రాయలేకపోతే ఆ మార్కు కోసే హక్కు నాకు లేదనుకుంటాను. ఈ అలవాటే ఒక ఆల్బమ్ దగ్గర నన్ను ఇరుకున పెట్టింది.

అమెరికా హెవీ మెటల్ బృందం మెటాలికా 1988లో తెచ్చిన ఆల్బమ్ 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' సంగతి ఇది. పోయిన ఆదివారం తలుపు గడియ పెట్టి, ముందు ఒక తెల్లకాగితం పెట్టుకుని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా కుర్చీలోంచి లేవకుండా విన్నాను. తొమ్మిది పాటలు, 65 నిమిషాలు. పాటకు 10 చొప్పున మొత్తం 90కి 79 వచ్చాయి.

ఎలా వచ్చాయో చెప్పాలి కదా. 'బ్లాకెన్డ్'కు పదికి పది. దాని మొదటి అర నిమిషం గుర్తుందా, దూరం నుంచి ఏదో ఉబికి వస్తున్నట్టు ఉంటుంది? గిటార్ స్వరాలను పొరలు పొరలుగా రికార్డు చేసి, వెనక నుంచి ముందుకు తిప్పి పెట్టారు. మామూలుగా తీగ మీటగానే శబ్దం పుట్టి మెల్లగా చచ్చిపోతుంది. ఇక్కడ చావు దగ్గర మొదలై పుట్టుక దగ్గర తెగిపోతుంది. భూమి మాడి మసైపోవడం గురించిన పాటకు ఇంతకన్నా తగిన ఎత్తుగడ నాకు తోచదు. 'వన్'కు 10, 'డయర్స్ ఈవ్'కు 10. 'ది ఫ్రేడ్ ఎండ్స్ ఆఫ్ శానిటీ'కీ 'టు లివ్ ఈజ్ టు డై'కీ తొమ్మిదేసి. 'హార్వెస్టర్ ఆఫ్ సారో'కు ఎనిమిదిన్నర. ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటకు ఎనిమిది. ఒకే లెక్కను మూడు పద్ధతుల్లో చేసి చూపించే పిల్లవాడు ఉంటాడు చూడండి, తెలివికి ముచ్చటేస్తుంది గానీ గంట కొట్టేస్తారేమోనని మనకు కంగారు. ఆ పాట అలాంటిది. 'ది షార్టెస్ట్ స్ట్రా'కు ఏడున్నర. 'ఐ ఆఫ్ ది బిహోల్డర్'కు ఏడు. ఈ ఏడు గురించి నాతో వాదించకండి. ఆ పాట ప్రతిసారీ చెప్పులు వేసుకుని బయలుదేరుతుంది, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ఆల్బమ్ గురించి ఎవరితో మాట్లాడినా రెండో మాట అదే: "బేస్ గిటార్ ఏదీ?" పాటకు అడుగున లోతైన శబ్దం ఇచ్చే నాలుగు తీగల గిటార్ అది. నిజమే, వినపడదు. బేస్ వాద్యకారుడు జేసన్ న్యూస్టెడ్ పేరు అట్ట మీద ఉంది, వాయించాడు కూడా. చెవికి మాత్రం చేరదు. అందుకు కొందరు రెండు మార్కులు కోస్తారు, కొందరు మూడు. నేను ఒక్కటీ కోయలేదు.

ఎందుకు కోయలేదంటే, అభిమానులు బేస్ పెంచి తయారుచేసుకున్న రూపాన్ని కూడా విన్నాను. 2009లో 'గిటార్ హీరో: మెటాలికా' అనే వీడియో గేమ్ వచ్చినప్పుడు వాయిద్యాలు విడివిడి ట్రాకులుగా దొరికాయి. వాటిలోంచి బేస్ తీసి అసలు పాటల్లో పైకి తెచ్చారు. చక్కగానే ఉంది. బరువు వచ్చింది, వెచ్చదనం వచ్చింది. నాలుగు పాటలు విన్నాక ఆపేశాను. సామాను లేని పెద్ద హాల్లో మాట్లాడితే గోడలు బదులిస్తాయి కదా, ఆ హాల్లో ఎవరో తివాచీలు పరిచినట్టు అనిపించింది. న్యాయం అమ్ముడుపోయిందనీ, యుద్ధం మనిషిని మాంసపు ముద్దగా మిగిల్చిందనీ చెప్పే పాటలు ఇవి. వాటికి వెచ్చదనం ఎందుకు? ఈ పొడితనం, ఈ ఎముకల చప్పుడు, ఇదే ఆల్బమ్ స్వభావం అని నాకనిపిస్తుంది.

మీరేమంటారు? ఇది లోపమా, స్వభావమా? మార్కులు వేయండి. వేసినవారు కారణం కూడా రాయండి.

నాలుగు తీగలు:

10కి 6. పోయిన నాలుగూ నాలుగు తీగలవి. కారణం రాయమన్నారు కనుక రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను బేస్ వాయిస్తాను. పుస్తకం చూసి కాదు, చెవితో నేర్చుకున్నాను. పాట పెట్టడం, రెండు క్షణాలు వినడం, ఆపడం, తీగ మీద వెతుక్కోవడం. దీనికి ముందు వాళ్లు తెచ్చిన ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' మొత్తం అలాగే పట్టాను. అందులో బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ వేళ్లు ఎక్కడ ఉన్నాయో కళ్లు మూసుకుంటే కనపడేవి. తర్వాత ఇది మొదలుపెట్టాను. మొదటి రోజు హెడ్‌ఫోన్స్ పాడయ్యాయనుకున్నాను. రెండో రోజు చెవిలో ఏదో అడ్డం పడిందనుకున్నాను. వారం పాటు స్పీకరుకు చెవి ఆనించి కూర్చుని, చివరికి గిటార్ వాయించేదే ఒక మెట్టు కింద వాయించి సరిపెట్టుకున్నాను. ఒక వాద్యకారుడు ఆల్బమ్ అంతా వాయించాడు, అదే వాద్యం నేర్చుకునేవాళ్లకు ఒక్క స్వరం కూడా దక్కలేదు. దీన్ని స్వభావం అంటారా మాస్టారూ?

వెనక జరిగింది కూడా చూడండి. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో వాళ్ల బస్సు బోల్తాపడి బర్టన్ చనిపోయాడు. 24 ఏళ్లు. సుమారు నెల తిరిగేసరికి న్యూస్టెడ్‌ను తీసుకున్నారు. ఏడవడానికి కూడా వ్యవధి ఇచ్చుకోలేదు. ఆ దుఃఖం ఎక్కడో ఒకచోట బయటపడాలి, కొత్తగా వచ్చినవాడి మీద పడింది. అతన్ని ఏళ్ల తరబడి ఆటపట్టించిన సంగతి వాళ్లే తర్వాత ఒప్పుకున్నారు. ఈ ఆల్బమ్‌కు తన భాగాన్ని రికార్డు చేసేటప్పుడు మిగతా ముగ్గురూ దగ్గర లేరనీ, ఒక ఇంజనీరుతో కూర్చుని వాయించి వచ్చాననీ న్యూస్టెడ్ చెప్పాడు.

అతనికి చేతకాదనుకుందామంటే, 1987లో వాళ్లే తెచ్చిన 'గరాజ్ డేస్' చిన్న రికార్డు వినండి. అందులో బేస్ గుండెల మీద గుద్దుతుంది. అదే మనిషి, అవే చేతులు, ఏడాది తేడా. ఆ రికార్డు అట్ట మీద అతని పేరు ఎలా వేశారో తెలుసా? 'మాస్టర్ జె. న్యూకిడ్'. కొత్త కుర్రాడు అని. సరదాకే వేశారు. మరుసటి ఏడాది సరదా లేదు, పేరు ఉంది, శబ్దం లేదు.

మీ తివాచీ పోలిక బాగుంది. కానీ ఆ హాల్లో ఒక మనిషి నిలబడి మాట్లాడుతున్నాడు, అతని నోరు నొక్కేశారు. ఖాళీ హాలు అందంగా ఉందని మీరు మురిసిపోతున్నారు.

ఫేడర్:

శబ్దం మిక్స్ చేయడం, అంటే విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాలను పాళ్లు చూసి కలపడం నా పని కాబట్టి భావోద్వేగం పక్కన పెట్టి చెబుతాను.

బేస్‌లో అన్నిటికన్నా లావు తీగను ఊరకే మీటితే సుమారు 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. గిటార్‌లో లావు తీగ 82 హెర్ట్జ్. సరిగ్గా రెట్టింపు. ఒక తీగ మోగినప్పుడు దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల శబ్దాలు కూడా వెంట మోగుతాయి. అంటే బేసూ గిటారూ ఒకే రిఫ్ (పదే పదే తిరిగి వచ్చే స్వరాల వరస) వాయిస్తుంటే బేస్ తాలూకు పై శబ్దాల్లో చాలావరకు వెళ్లి గిటార్ కింద కూర్చుంటాయి. విడిగా మిగిలేది ముఖ్యంగా అట్టడుగు 41. దాన్ని చిన్న స్పీకర్లు ఎటూ పలికించలేవు. బర్టన్ గిటార్‌ను వదిలి తన దారిన తాను తిరిగేవాడు కాబట్టి దొరికిపోయేవాడు. న్యూస్టెడ్ ఇక్కడ గిటార్ వాయిస్తూ పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేతిని అచ్చంగా అనుసరించాడు. నీడను పట్టుకోవడం కష్టం.

దానికి తోడు హెట్‌ఫీల్డ్ గిటార్ శబ్దంలో మధ్యభాగం తోడేసి, కిందా పైనా నింపారు. బేస్ కూర్చోవలసిన కుర్చీలో గిటార్ కూర్చుంది. డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకు ఢమ్మనే గుణం పోయి, బల్ల మీద గోటితో కొట్టినట్టు టిక్కుటిక్కుమనడం మిగిలింది.

ఇంతవరకూ అమరిక సమస్య. తర్వాతిది నిర్ణయం. రికార్డింగ్ లాస్ ఏంజిలిస్‌లో ఫ్లెమింగ్ రాస్మ్యూసెన్ చేశాడు. మిక్సింగ్ న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో స్టీవ్ థాంప్సన్, మైకేల్ బార్బియెరో చేశారు. థాంప్సన్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, తన డ్రమ్స్ ఎలా మోగాలో డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ ముందే పట్టికలు రాసుకుని వచ్చాడు. బేస్‌ను వినీ వినపడనంతకు తగ్గించమన్నాడు. తగ్గించాక ఇంకో ఐదారు డెసిబెల్స్ తగ్గించమన్నాడు. ఆరు డెసిబెల్స్ తగ్గితే అల ఎత్తు సగానికి పడిపోతుంది. అప్పటికే వినీ వినపడనిదాన్ని మళ్లీ సగం చేశారన్నమాట. రాస్మ్యూసెన్ మాత్రం ఆ బేస్ ట్రాకులు అద్భుతంగా ఉన్నాయనే ఇప్పటికీ అంటాడు.

ఇంకో కోణం కూడా ఉంది. మిక్సింగ్ జరుగుతున్న రోజుల్లోనే వాళ్లు వాన్ హేలెన్, స్కార్పియన్స్ లాంటి బృందాలతో కలిసి 'మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్' యాత్రలో ఉన్నారు. రాత్రి స్టేడియంలో వాయించడం, ఖాళీ రోజున విమానమెక్కి స్టూడియోకు రావడం. అలాంటి చెవికి పై శబ్దాలు మొద్దుబారి ఉంటాయి. చాలనిపించక ఇంకా ఇంకా పెంచమంటారు. చెవులు అలిసిపోయి ఉండేవని హెట్‌ఫీల్డే ఒప్పుకున్నాడు. నేను కచేరీ మరునాడు మిక్సింగ్ ముట్టను. ఒకసారి ముట్టి నాలుక్కరుచుకున్నాను.

ఒక చిన్న ముచ్చట. కొన్నేళ్ల కిందట ఒక కుర్ర బృందం నా దగ్గరికి వచ్చి అచ్చం ఈ ఆల్బమ్ లాంటి శబ్దం కావాలంది. సరే అని బేస్ దించి, గిటార్ మధ్యభాగం తోడేసి వినిపించాను. ముగ్గురు చప్పట్లు కొట్టారు. నాలుగో అతను లేచి చెప్పులు వెతుక్కున్నాడు. అతను ఏ వాద్యం వాయిస్తాడో చెప్పనక్కర్లేదు.

నా మార్కులు: పాటలకు 9, శబ్దానికి 5. సగటు తీయను. వంట బాగుంది, గిన్నె చిల్లుపడింది అంటే సగటు ఎక్కడ తీస్తాం?

పాత క్యాసెట్టు:

మీరంతా చెవులున్నవాళ్లు. నేను ఈ ఆల్బమ్‌ను మొదట విన్నది ఒకరి నుంచి ఇంకొకరు, వాళ్ల నుంచి మరొకరు ఎక్కించుకున్న క్యాసెట్టులో. నా టేప్ రికార్డరుకు ఒకటే స్పీకరు, అరచేయంత. దాంట్లో ఏ ఆల్బమ్‌కూ బేస్ ఉండేది కాదు. పదేళ్ల తర్వాత ఎవరో "దీంట్లో బేస్ లేదు తెలుసా" అన్నప్పుడు, మిగతావాటిలో ఉంటుందా అని అడిగాను. నవ్వకండి.

కాబట్టి నాకు అది లోపమని తట్టే అవకాశమే లేకపోయింది. తట్టింది ఇంకొకటి. అప్పటిదాకా నేను విన్న పాటల్లో కోపం అంటే అరుపు. ఈ ఆల్బమ్‌లో కోపం లెక్క ప్రకారం నడుస్తుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ తలూపుతుంటే ఎక్కడో ఒక దెబ్బ మిగిలిపోయేది, లేదా తగ్గిపోయేది. మొదట్లో క్యాసెట్టు పొర నలిగిందేమో అనుకుని పెన్సిలు పెట్టి చక్రం తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అక్కడే తప్పు. ఇరవయ్యోసారికి అర్థమైంది, తప్పింది నేను.

'డయర్స్ ఈవ్' గురించి ఎవరూ మాట్లాడలేదే? హెట్‌ఫీల్డ్ తల్లిదండ్రులు క్రైస్తవంలో వైద్యాన్ని ఒప్పుకోని ఒక శాఖకు చెందినవారు. అతనికి 16 ఏళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఆ పాట తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం. ఉల్రిచ్ రెండు కాళ్లూ కుట్టు మిషన్‌లా ఆడుతుంటాయి, హెట్‌ఫీల్డ్‌కు ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ఇంట్లో తండ్రికి ఎదురుగా ఒక్క మాట అనలేని వయసులో నేను దాన్ని తలుపేసుకుని వినేవాణ్ణి. ఇప్పుడు నా కొడుకు తలుపేసుకుని ఏదో వింటుంటాడు. ఏమిటని అడగను.

మాస్టారూ, 'ది షార్టెస్ట్ స్ట్రా'కు ఏడున్నర అన్యాయం. ఆల్బమ్‌లో నాలుగో పాట 'వన్', దాని వెంటే ఐదోది ఇది. 'వన్'కు ఆధారం డాల్టన్ ట్రంబో 1939లో తెచ్చిన నవల 'జానీ గాట్ హిజ్ గన్'. అదే ట్రంబోను తర్వాత అమెరికా చట్టసభ సంఘం ముందు నిలబెట్టి, నువ్వు కమ్యూనిస్టువా అని అడిగారు. జవాబు చెప్పనన్నందుకు జైల్లో పెట్టారు. హాలీవుడ్ అతన్ని వెలివేసింది, ఏళ్ల తరబడి మారుపేర్లతో సినిమాలు రాసుకున్నాడు. 'ది షార్టెస్ట్ స్ట్రా' దేని గురించి? సరిగ్గా ఆ వెలివేతల గురించే. ముందు పాట ఆయన రాసిన కథ, తర్వాతి పాట ఆయన బతుకు. కావాలని అలా పేర్చారో లేదో గానీ నాకు మాత్రం ఆ రెండింటి మధ్య గోడ లేదు.

నా మార్కులు 10. కారణం: అరచేయంత స్పీకరు.

తొమ్మిదో నిమిషం:

అందరూ బేస్ చుట్టూ తిరుగుతున్నారు. అసలు జబ్బు అది కాదు, నిడివి. 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఎనిమిది పాటలు, 55 నిమిషాలు దాటదు. ఇందులో ఒక్క పాట పెరిగి పది నిమిషాలు ఎక్కువైంది. వినైల్‌లో ఒక పళ్లెం చాలక రెండు పెట్టాల్సి వచ్చింది.

ఈ మాట నాది మాత్రమే కాదు. వాయించినవాళ్లదే. ఆల్బమ్ పేరున్న పాటను కచేరీల్లో వాయిస్తుంటే ముందు వరుసల్లోని జనం ఆవలించడం చూశామని బృందంలోని గిటారిస్టు కర్క్ హామెట్ చెప్పాడు. 1989లో యాత్ర అయ్యాక దాన్ని అటకెక్కించారు. మళ్లీ పూర్తిగా దించింది 2007లో. 'డయర్స్ ఈవ్' వేదిక ఎక్కడానికి 2004 దాకా ఆగింది. 'టు లివ్ ఈజ్ టు డై'ని మొత్తంగా వాయించింది 2011లో, బృందానికి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంలో. 'ఫ్రేడ్ ఎండ్స్' అయితే 2014 దాకా పూర్తిగా వాయించనే లేదు. రాసినవాళ్లే పాతికేళ్లు పూర్తిగా వాయించని పాటకు మాస్టారు తొమ్మిది వేశారు.

1991లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ చూడండి. పాటలు పొట్టివయ్యాయి, బేస్ గది నిండా మోగింది, లోకమంతా కొనుక్కుంది. జస్టిస్ మీద అన్నిటికన్నా కఠినమైన సమీక్ష రాసింది వాళ్లే, ఆ ఆల్బమ్ రూపంలో.

7. 'వన్' లేకపోతే 6.

ఎర్ర సిరా:

అందరికీ ధన్యవాదాలు. ఒక్కొక్కరికే జవాబిస్తాను.

తొమ్మిదో నిమిషం గారూ, వేదిక మీద వాయించకపోవడం పాట తప్పు ఎలా అవుతుంది? కష్టమైన లెక్కను బల్ల మీద చేయించకుండా ఇంటికిస్తాం, లెక్క చెడ్డదని కాదు. 'ఫ్రేడ్ ఎండ్స్' మొదట్లో ఒక పాత పిల్లల సినిమాలోని సైనికుల నడక అరుపును అరువు తెచ్చుకున్నారు. పిచ్చెక్కుతున్న మనిషి పాటకు పిల్లల సినిమా అరుపు! నేను వేసిన తొమ్మిదిలో ఒకటి ఆ ఎత్తుగడకే దక్కింది. ఆవలింతల సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను. నా తరగతిలోనూ ముందు బెంచీవాళ్లే ఆవలిస్తారు.

ఫేడర్ గారూ, మీ 41, 82 చదివి ఆదివారం రాత్రి కాగితం తీసి పై శబ్దాలన్నీ రాసుకుని చూశాను. 82, 123, 164... రెండోదీ నాలుగోదీ సూటిగా గిటార్ ఒళ్లోకే వెళ్తున్నాయి. అంటే న్యూస్టెడ్‌ను దాచడానికి సగం పని అతని క్రమశిక్షణే చేసింది. ఎంత కచ్చితంగా వాయిస్తే అంత మాయమైపోయాడు. ఇది నాకు ఇంతకుముందు తెలియదు, తెలిశాక మనసు బాగాలేదు. థాంప్సన్ చెప్పిన మరో సంగతి మీరు వదిలేశారు. 2009లో మెటాలికాను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చిన సందర్భంలో ఉల్రిచ్ ఆయనతోనే, జస్టిస్‌లో బేస్ ఏమైపోయింది అన్నాడట. తప్పు చేసినవాడే వచ్చి ఈ లెక్క ఎవరు చెడగొట్టారని అడగడం నేనూ చూశాను, ఏటా మార్చిలో.

పాత క్యాసెట్టు గారూ, ట్రంబో సంగతి నాకు తెలుసు. రెండు పాటలను పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం తట్టలేదు. ఆలోచిస్తాను.

నాలుగు తీగలు గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ మీరు అడిగేది న్యూస్టెడ్‌కు జరిగిన అన్యాయానికి పరిహారం. నేను దిద్దుతున్నది పాటల పత్రం. బర్టన్ వదిలి వెళ్లిన రిఫ్‌లతో కట్టిన 'టు లివ్ ఈజ్ టు డై'నే తీసుకోండి. అతని కోసం కట్టిన పాటలో అతని వాద్యమే వినపడదు. మీకది అవమానం. నాకది ఖాళీ కుర్చీ. ఇంట్లో మనిషి పోయాక భోజనాల దగ్గర ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వరు చూడండి. 2018లో ఆల్బమ్‌కు కొత్త మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసినప్పుడు కూడా బేస్ పెంచలేదంటే, వాళ్లకూ ఆ కుర్చీ అలాగే ఉండాలనిపించిందేమో. ఈ మార్కు కోయడానికి పాటలోంచి కారణం చూపించండి, మనుషుల గొడవలోంచి కాదు. చూపిస్తే కోస్తాను.

నాలుగు తీగలు:

పాటలోంచే చూపిస్తాను. మీరు పదికి పది వేసిన 'వన్' తీసుకోండి.

నవలలో జో అనే కుర్రవాడు మొదటి ప్రపంచ యుద్ధంలో గుండు పేలి ఆస్పత్రి మంచం మీద పడి ఉంటాడు. చేతులు లేవు, కాళ్లు లేవు. కళ్లు, చెవులు, నోరు, ముఖమే లేదు. అయినా గదిలోకి ఎవరో వచ్చారని అతనికి తెలుస్తుంది. ఎలా తెలుస్తుంది? నేల అదురుతుంది, అది మంచం కోళ్లలోంచి ఒంట్లోకి వస్తుంది. ఆ అదురును బట్టి వచ్చింది ఏ నర్సో పోల్చుకుంటాడు. ఒక నర్సు అతని రొమ్ము మీద వేలితో అక్షరాలు రాస్తుంది, అలా చదువుతాడు. చివరికి తలను దిండుకేసి కొట్టి మోర్స్ సంకేతాల్లో మాట్లాడతాడు. లోకం అతనికి మిగిలిందల్లా అదురు రూపంలోనే.

ఇప్పుడు చెప్పండి మాస్టారూ, బేస్ అంటే ఏమిటి? చెవితో వినడానికి ముందు ఒంటితో వినే శబ్దం. నేను వాయించేటప్పుడు నా పాట నాకు మొదట తెలిసేది పొట్టలో, తర్వాత పాదాల కింద, ఆ తర్వాత చెవిలో. చెవిటివాడు కూడా స్పీకరు మీద చేయి పెట్టి బేస్‌ను పట్టుకుంటాడు. 'వన్'లో ఉన్నవి ఏమిటి? కీచుమనే గిటార్లు, టిక్కుటిక్కుమనే డ్రమ్స్, అన్నీ చెవి ఉన్నవాడి శబ్దాలు. ఆ మర తుపాకీ డ్రమ్స్ బయట నిలబడి యుద్ధాన్ని చూసేవాడికి వినపడేవి. జో ఒంట్లోకి వెళ్లగలిగిన వాద్యం ఒక్కటే ఉంది, దాన్నే తీసేశారు. ఆ పాటలో జో తన పాటను తాను వినలేడు.

మీ ఖాళీ కుర్చీని మిగతా ఎనిమిది పాటల్లో ఉంచుకోండి, నేను అడ్డురాను. దీంట్లో మాత్రం కుదరదు.

ఫేడర్:

పై మాట చదివి 'వన్'ను చీకట్లో, పెద్ద స్పీకర్ల మీద, అరచేయి పెట్టి విన్నాను. మొదట్లో గిటార్లు నెమ్మదిగా నడిచేచోట చేతికి ఏదో ఆడినట్టు ఉంది. రెండు కాళ్ల డ్రమ్స్ మొదలయ్యాక స్పీకరు అట్ట కదలడం చూశాను గానీ అరచేతికి ఇసుక రాలినట్టే ఉంది. తర్వాత అదే చేయి 'గరాజ్ డేస్' మీద పెట్టాను. తేడా రాయక్కర్లేదు.

పాత క్యాసెట్టు:

అరచేయంత స్పీకరు మీద అరచేయి పెట్టి చూడమంటారా? నేను ఓడిపోయాను, 10 మాత్రం మార్చను. మీకు కారణం ఎంత ముఖ్యమో నాకు మొండితనం అంత ముఖ్యం.

ఎర్ర సిరా:

రెండు రోజులు ఆగి రాస్తున్నాను. ఈ మధ్యలో 'వన్'ను ఏడుసార్లు విన్నాను. ఐదుసార్లు మామూలుగా, ఒకసారి అభిమానులు బేస్ పెంచిన రూపంలో, ఒకసారి చెవుల్లో దూది పెట్టుకుని. ఆఖరిది చేస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లు తలుపు తీసి చూసి, ఏమీ అడగకుండా మళ్లీ వేసేశారు.

దూదితో విన్నప్పుడు గిటార్లు దోమల గుంపులా దూరంగా వెళ్లిపోయాయి. బల్ల మీద మోచేతులు ఆనించి ఎదురుచూశాను. ఏమీ రాలేదు. బేస్ ఉన్న రూపం పెట్టి మళ్లీ ఆనించాను. వచ్చింది. మోచేతి ఎముకలోంచి భుజం దాకా వచ్చింది. ఇదివరకు ఈ రూపాన్ని నాలుగు పాటలకే ఆపేశానన్నాను కదా. ఆ నాలుగో పాట ఇదే. అప్పుడు చెవితో విన్నాను.

అందుచేత 'వన్' పక్కన ఉన్న 10 కొట్టేసి 9 వేశాను. కారణం అంచున రాశాను: "ఒళ్లు తప్ప ఏమీ మిగలనివాడికి ఒంటికి తగిలే శబ్దం ఇవ్వలేదు." మిగతా ఎనిమిదింటిలో బేస్ పేరు మీద ఒక్క మార్కూ కోయలేదు, కుర్చీ అక్కడే ఉంది. 'ది షార్టెస్ట్ స్ట్రా'ను 'వన్' వెంటనే ఆపకుండా విని అర మార్కు కలిపి ఎనిమిది చేశాను. అది ట్రంబో ఖాతాలో. మొత్తం 78.5.

'ఐ ఆఫ్ ది బిహోల్డర్' ఏడు దగ్గరే ఉంది. వాదించకండి అన్నాను గానీ, ఇంతమందిలో ఒక్కరూ దాని తరఫున నోరు విప్పలేదేమిటి?